సార్వా అంతా తడిసిన పంపు మోటారుకు స్విచ్ వేసే ముందు ఇన్సులేషన్ పరీక్షించడం ఎలా

కాలవ గట్టున రేకుల పందిరి కింద సార్వా (వానాకాలపు పంట) అంతా పని లేకుండా పడి ఉన్న ఐదు హెచ్‌పీ మోనోబ్లాక్ (పంపూ మోటారూ ఒకటిగా ఉండే) మోటారుకు దాళ్వా (రెండో పంట) నాటికి నేరుగా స్విచ్ వేస్తే, అది తిరగనైనా తిరుగుతుంది, లేదా ఒక్క మూలుగు మూలిగి ఫ్యూజు కొట్టేసి మాడిన వార్నిష్ వాసన వదులుతుంది. అలా జరిగినప్పుడు మోటారు కాలిపోయిందంటాం గాని, చాలా సందర్భాల్లో ముందు రోజు దాకా అది కాలిపోయిన మోటారు కాదు, చెమ్మ పట్టిన మోటారు. చెమ్మ పట్టిన వైండింగును ఆరబెట్టుకోవచ్చు. కాలిన వైండింగును విప్పి పారేసి కొత్త రాగి చుట్టించడం తప్ప మార్గం లేదు. ఈ మోటారు ఏ స్థితిలో ఉందో స్విచ్ వేయక ముందే తెలుసుకోవడానికి మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరంతో, చేసే పరీక్షను, ఆ తరువాత ఆరబెట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

చెమ్మ ఎక్కడ చేరుతుంది

మోటారులో ఇన్సులేషన్ అన్నది ఒకే వస్తువు కాదు. రాగి తీగ మీద పలుచని ఎనామెల్ పూత, గాడిలో తీగకూ ఇనుముకూ మధ్య స్లాట్ పేపరు, ఒక ఫేజు కాయిల్‌కూ ఇంకొక ఫేజు కాయిల్‌కూ నడుమ ఫేజు పేపరు, లీడు తీగల మీద స్లీవులు, కట్టుకు వాడిన నూలు టేపు, వీటన్నిటినీ అతికించి సందులు పూడ్చే వార్నిష్, ఇవన్నీ కలిసి పని చేసే రోధక పదార్థాలు. పొడిగా ఉన్నంత కాలం 415 వోల్టులు వీటికి పెద్ద భారం కాదు. కాని పేపరు, నూలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి, పాతబడిన వార్నిష్‌లోని సన్నని పగుళ్ల గుండా నీరు తీగ దాకా చేరుతుంది. స్వచ్ఛమైన నీరు కరెంటును అంతగా మోయదు, అయితే వైండింగు మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, ఎరువుల పొడి, ఉప్పు అందులో కరిగితే అదే నీరు కరెంటుకు దారి అవుతుంది. రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) నడిపే మోటార్లు మెట్ట ప్రాంతపు మోటార్ల కంటే త్వరగా దెబ్బ తినడానికి ఒక కారణం ఈ ఉప్పే. ఉప్పు తానుగా తేమను లాక్కుంటుంది కనుక వాన పడకపోయినా అలాంటి వైండింగు పూర్తిగా ఆరదు.

దేనితో పరీక్షించాలి

415 వోల్టుల మోటారుకు 500 వోల్టుల డీసీ ఇచ్చే మెగ్గర్ కావాలి. 1000 వోల్టులది చేతిలో ఉన్నా, చెమ్మ పట్టిందని అనుమానం ఉన్న పాత వైండింగు మీద దానిని వాడకండి. మల్టీమీటరు ఈ పనికి చాలదు, ఎందుకంటే అది నిరోధం కొలవడానికి పెట్టేది కొద్ది వోల్టులు మాత్రమే, అంత తక్కువ ఒత్తిడికి బయటపడని బలహీనత 415 వోల్టుల దగ్గర బయటపడుతుంది.

పల్లెల్లో ఎక్కువగా కనిపించేది సీరీస్ ల్యాంపు పరీక్ష. ఒక బల్బు గుండా ఫేజు తీగను తెచ్చి వైండింగుకు తాకించి, బల్బు వెలిగితే బాడీ షార్టు, వెలగకపోతే మోటారు బాగున్నట్టు అని తేలుస్తారు. ఈ రెండో మాట నమ్మదగినది కాదు. వైండింగుకూ బాడీకీ మధ్య 50,000 ఓమ్‌ల నిరోధమే మిగిలి ఉందనుకోండి. 230 వోల్టులకు దాని గుండా పారేది 4.6 మిల్లీ ఆంపియర్లు. 60 వాట్ల బల్బు పూర్తిగా వెలగడానికి దాదాపు 260 మిల్లీ ఆంపియర్లు కావాలి కనుక ఈ కాస్త కరెంటుకు దాని తీగ ఎర్రబడను కూడా ఎర్రబడదు. అంటే 0.05 మెగాఓమ్‌కు (మెగాఓమ్ అంటే పది లక్షల ఓమ్‌లు) పడిపోయిన మోటారును కూడా ఆ బల్బు బాగుందనే చెబుతుంది. పైగా పరీక్ష జరిగినంత సేపూ మోటారు బాడీ మీదికి ఫేజు వచ్చే ప్రమాదం ఉంటుంది, చేసేవాడేమో తడి నేల మీద నిలబడి ఉంటాడు.

కరెంటు తీయడం

స్టార్టరు ఆపితే సరిపోదు. మెయిన్ స్విచ్ దించి, మూడు ఫ్యూజు క్యారియర్లనూ ఊడదీసి జేబులో వేసుకోవాలి. స్టార్టరుకు ఆటో స్విచ్ తగిలించి ఉంటే లైను రాగానే మోటారు తనంతట తానే లేస్తుంది కనుక దానిని ముందుగా విడదీయాలి. కెపాసిటరు బిగించి ఉంటే దాని లీడ్లను విప్పి, ఇన్సులేటెడ్ పిడి ఉన్న తీగతో డిశ్చార్జి చేయాలి. ఆపైన టెస్టరుతో గాని మీటరుతో గాని మూడు ఫేజుల్లోనూ కరెంటు లేదని స్టార్టరు దగ్గర ఒకసారి, మోటారు టెర్మినల్ బాక్సులో ఇంకొకసారి చూడాలి.

తరువాత మోటారుకు వచ్చే కేబులును టెర్మినల్ బోర్డు దగ్గర విప్పేయండి. దీనికి రెండు కారణాలున్నాయి. కేబులు కలిపి ఉండగా వచ్చే రీడింగు మోటారుదో కేబులుదో తెలియదు. కేబులు అవతలి కొసన ఫేజు ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపేది) వంటి ఎలక్ట్రానిక్ పరికరం ఉంటే, మెగ్గర్ ఇచ్చే 500 వోల్టులకు అది పాడవుతుంది.

టెర్మినల్ బోర్డులో యూ1, వీ1, డబ్ల్యూ1, యూ2, వీ2, డబ్ల్యూ2 అని ఆరు బోల్టులు, వాటిని కలిపే రాగి పట్టీలు ఉంటాయి. పట్టీలను విప్పే ముందు అవి ఎలా బిగించి ఉన్నాయో ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఆ పట్టీలతో మూడు వైండింగులను కలిపే రెండు పద్ధతులైన స్టార్, డెల్టాలను తారుమారుగా బిగించడం వలన పాడైన మోటార్లు తక్కువేమీ కావు.

ఇప్పుడు, మెగ్గర్ పెట్టక ముందే, ఆ బోర్డును శుభ్రం చేయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని దీన్ని వదిలేసినందుకు నేను ఒకసారి అనవసరంగా మోటారు విప్పించాను. రీడింగు 0.8 మెగాఓమ్ వచ్చింది, వైండింగు తడిసిందనుకున్నాను. మెకానిక్ వెనక మూత తీసి చూస్తే లోపల పొడిగానే ఉంది. టెర్మినల్ బోర్డు మీద బల్లి గుడ్ల పెంకులు, సాలెగూడు, వాటిని పట్టుకున్న తడి దుమ్ము ఉన్నాయి. పొడి గుడ్డతో తుడిచి, కొంచెం కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిచ్చాక అదే మోటారు 40 చూపింది. బోర్డు మీద ఒక బోల్టు నుంచి ఇంకొక బోల్టుకు నల్లని చెట్టు కొమ్మల్లాంటి గీత కనిపిస్తే అది బొగ్గుగా మారిన దారి. అలాంటి దానిని తుడవడం వలన లాభం లేదు, బోర్డునే మార్చాలి.

మెగ్గర్ పట్టడం

ముందు మెగ్గర్‌ను పరీక్షించుకోవాలి. రెండు లీడ్లనూ దూరంగా ఉంచి తిప్పితే ముల్లు అనంతం గుర్తుకు పోవాలి, రెండిటినీ కలిపి మెల్లగా తిప్పితే సున్నాకు రావాలి. పాత పిడి మెగ్గర్‌లో ముల్లును వెనక్కి లాగే స్ప్రింగు ఉండదు కనుక, తిప్పనప్పుడు అది ఎక్కడ పడితే అక్కడ ఆగి ఉంటుంది, అది లోపం కాదు. లీడ్లు రెండూ మెలిపడకుండా, తడి నేలను తాకకుండా చూడండి, లేకపోతే లీడ్ల మధ్య కారిపోయే కరెంటునే మీరు మోటారుదిగా కొలుస్తారు.

ఎర్త్ అని రాసి ఉన్న లీడును మోటారు బాడీకి తగిలించాలి. పెయింటు మీద క్లిప్పు పెడితే ఎంత చెడ్డ మోటారైనా అనంతమే చూపుతుంది. అందువలన ఎర్త్ బోల్టు దగ్గర ఆకురాయితో రుద్ది, ఇనుము మెరిసిన చోట పట్టించండి. లైన్ లీడును యూ1కు పెట్టి పిడిని నిమిషానికి సుమారు 160 చుట్ల వేగంతో, వేగం మారకుండా ఒక నిమిషం పాటు తిప్పండి. చాలా మెగ్గర్లలో ఆ వేగం దాటగానే క్లచ్ జారుతున్నట్టు చేతికి తెలుస్తుంది. బ్యాటరీది అయితే బటను నొక్కి పట్టుకోవడమే పని. ఈ నిమిషం పాటు టెర్మినల్ బాక్సులో ఎవరి చెయ్యీ ఉండకూడదు.

ఆ నిమిషంలో ముల్లు చేసే కదలికను గమనించండి, ఎందుకంటే చివరి అంకె చెప్పని విషయం అది చెబుతుంది. 500 వోల్టులు పెట్టగానే మూడు రకాల కరెంట్లు ఒకేసారి మొదలవుతాయి. మొదటిది, రాగికీ ఇనుముకీ మధ్య ఉన్న ఇన్సులేషన్ ఒక కెపాసిటరు లాంటిది కనుక దానిని నింపే చార్జింగు కరెంటు, ఇది క్షణాల్లో అయిపోతుంది. రెండవది, పదార్థం లోపలి అణువులు విద్యుత్ క్షేత్రం దిక్కుకు మెల్లగా మళ్లేటప్పుడు అంటే ధ్రువణం జరిగేటప్పుడు తీసుకునే కరెంటు, ఇది క్రమంగా తగ్గుతుంది. మూడవది నిజమైన లీకేజీ, ఇది మారదు. ఇన్సులేషన్ పొడిగా ఉంటే మొదటి రెండు తగ్గే కొద్దీ ముల్లు పైకి పాకుతూ పోతుంది. ఉదాహరణకు 15 సెకండ్లకు 25, 30 సెకండ్లకు 38, నిమిషానికి 55 మెగాఓమ్‌లు కనిపించవచ్చు. చెమ్మ పట్టిన దానిలో లీకేజీయే మిగతా రెండిటినీ మించిపోతుంది కనుక 15 సెకండ్ల దగ్గర 0.9 చూపిన ముల్లు నిమిషం తరువాత కూడా 0.9 దగ్గరే కదలకుండా ఉంటుంది. పెద్ద మోటార్లకు పదో నిమిషపు రీడింగును మొదటి నిమిషపు రీడింగుతో భాగించి, బీ క్లాసుకు, అంతకంటే ఎక్కువ వేడి తట్టే క్లాసుల ఇన్సులేషన్లకు ఆ నిష్పత్తి 2 దాటాలని చూస్తారు. ఐదు, పది హెచ్‌పీల చిన్న మోటార్లలో ధ్రువణ కరెంటు త్వరగానే ముగిసిపోతుంది కనుక పది నిమిషాలు తిప్పి చేతులు నొప్పి పెట్టించుకోనక్కర లేదు.

తిప్పడం ఆపాక లీడు పీకేసి వెంటనే బోల్టు ముట్టుకోకండి. వైండింగును బాడీతో కలిపి, పరీక్షించిన సమయానికి కనీసం నాలుగు రెట్లు, అంటే నిమిషం పరీక్షకు నాలుగు నిమిషాలు, అలాగే ఉంచాలి. చిన్న మోటారులో నిలిచే చార్జి తక్కువే గాని పెద్ద వాటి దగ్గర ఈ అలవాటు మనిషిని కాపాడుతుంది.

ఇదే పద్ధతిలో వీ1, డబ్ల్యూ1లను బాడీకి పరీక్షించి, ఆపైన యూకూ వీకూ, వీకూ డబ్ల్యూకూ, డబ్ల్యూకూ యూకూ మధ్య కొలవండి. ఫేజుల మధ్య కొలిచేటప్పుడు పట్టీలు విప్పే ఉండాలి. పట్టీలు ఉండగా కొలిస్తే మూడు ఫేజులూ కలిసే ఉంటాయి కనుక రీడింగు సున్నా వస్తుంది, అది చూసి వైండింగు షార్టయిందని రీవైండింగుకు పంపిన వారిని నేను ఎరుగుదును. మరొక సంగతి, ఒకే కాయిల్‌లో చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎనామెల్ పోతే మెగ్గర్‌కు అది కనపడదు. అందుకు మూడు ఫేజుల వైండింగు నిరోధాలను తక్కువ ఓమ్‌లు కొలిచే మీటరుతో పోల్చి చూడాలి.

రీడింగును ఉష్ణోగ్రతతో కలిపి చదవడం

ఇన్సులేషన్ నిరోధం ప్రతి 10 డిగ్రీల వేడికీ సుమారుగా సగమవుతుంది. రాగి వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది, ఇది అందుకు విరుద్ధం. కాబట్టి ఏ రీడింగునైనా 40 డిగ్రీల సెల్సియస్‌కు మార్చి పోల్చుకోవడం పద్ధతి. వైండింగు 25 డిగ్రీల వద్ద ఉన్న తెల్లవారు జామున మీకు 12 మెగాఓమ్‌లు వచ్చాయనుకోండి. 40 డిగ్రీలకు 15 డిగ్రీల తేడా, అంటే ఒకటిన్నర సార్లు సగం చేయాలి. అప్పుడు మిగిలేది 4.2. అదే మోటారు ఇంకో రోజు మధ్యాహ్నం 45 డిగ్రీల వద్ద 6 చూపితే, 40కి మార్చినప్పుడు అది దాదాపు 8.5 అవుతుంది. చూడడానికి 12 పెద్దదిగా ఉన్నా మోటారు మంచి స్థితిలో ఉన్నది 6 చూపిన రోజే. ఇక్కడ ఉష్ణోగ్రత అంటే గాలిది కాదు, వైండింగుది. మంచు పడే వేళ చల్లని వైండింగు మీద గాలిలోని తేమ నీటి బొట్లుగా దిగుతుంది కనుక అప్పుడు తీసిన రీడింగును లెక్కలోకి తీసుకోకండి.

హద్దు విషయంలో, ఐ ట్రిపుల్ ఈ (విద్యుత్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ) వారి 43వ నంబరు ప్రమాణం ఇలాంటి తక్కువ వోల్టేజి మోటార్ల వైండింగులకు 40 డిగ్రీల వద్ద కనీసం 5 మెగాఓమ్‌లు ఉండాలంటుంది. కిలోవోల్టులకు ఒకటి కలిపితే వచ్చే అంకె చాలన్న పాత సూత్రం ప్రకారం 415 వోల్టులకు 1.4 చాలు, కాని అది 1970కి ముందరి ఇన్సులేషన్లను దృష్టిలో పెట్టుకొని చెప్పింది. నా మటుకు నేను 5కు దిగువన ఉన్న మోటారుకు స్విచ్ వేయనివ్వను. మడి ఎండిపోతోందని తొందర పెట్టిన వారికి, ఒకరోజు ఆరబెట్టడానికీ వారం రోజులు రీవైండింగు షాపు చుట్టూ తిరగడానికీ ఉన్న తేడా చెబుతాను. దీనికి తోడు పాత రీడింగులు కూడా చూడాలి. ఏటా 20 చూపుతున్న మోటారు ఈ ఏడు కూడా 20 చూపితే చింత లేదు, నిరుడు 200 చూపినది ఈ ఏడు 20కి దిగితే మాత్రం కారణం వెదకాలి.

ఆరబెట్టడం

బురద నీటిలో మునిగిన మోటారును, ఉప్పు గాలి తగిలిన మోటారును ఆరబెట్టే ముందు మంచి నీటితో కడగాలి. తడిసిన దానిని మళ్లీ తడపడమా అని సందేహించవద్దు. బురదా ఉప్పూ లోపలే ఎండిపోతే మళ్లీ తేమ తగలగానే అదే దారి తిరిగి తెరుచుకుంటుంది. కడిగే పనికి రోటరును (లోపల తిరిగే భాగాన్ని) బయటికి తీయించి, బేరింగుల్లోకి నీరు పోకుండా చూసుకోండి.

వైండింగు ఉండే, తిరగని భాగమైన స్టేటరు ఒక్కదానినే పెట్టి, లోపల రెండు 100 వాట్ల పాత రకం బల్బులను వైండింగుకు తాకకుండా వేలాడదీసి, పైన గోనె పట్టా కప్పి, ఆవిరి పోవడానికి ఒక పక్క తెరచి ఉంచండి. మొత్తం మూసేస్తే లోపలి తేమ లోపలే తిరుగుతుంది. వైండింగు 80 డిగ్రీలు దాటకుండా థర్మామీటరు పెట్టి చూడాలి, అక్కడికి కూడా గంటల మీద మెల్లగా చేర్చాలి. ఒక్కసారి వేడి చేస్తే లోపల ఇరుక్కున్న నీరు ఆవిరై బయటికి తోసుకొచ్చేటప్పుడు వార్నిష్‌ను పగలగొడుతుంది. నిప్పుల కుంపటి మీద పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఒక పక్క మాడి ఇంకొక పక్క పచ్చిగా ఉండిపోతుంది కనుక ఆ పద్ధతి వద్దు.

గంట గంటకూ, బల్బులు ఆపి, రీడింగును, దాని పక్కన ఉష్ణోగ్రతను రాస్తూ పోవాలి. ఇక్కడే చాలామంది ధైర్యం కోల్పోతారు. మా ఊళ్లో ఒక మోటారు పొద్దున 30 డిగ్రీల వద్ద 1.2 చూపింది. బల్బులు పెట్టిన కొన్ని గంటలకు 60 డిగ్రీల వద్ద 0.2కు పడింది. యజమాని, ఆరబెడితే ఇంకా చెడిపోతోందని, దానిని బండి ఎక్కించబోయాడు. కాని లెక్క వేసి చూడండి. 30 డిగ్రీల వేడి పెరిగితే నిరోధం ఎనిమిదో వంతు కావాలి, అంటే 0.15 రావాలి. వచ్చింది 0.2, కాబట్టి అప్పటికే చెమ్మ బయటికి పోవడం మొదలైంది. సాయంత్రానికి 70 డిగ్రీల వద్ద 0.6, మర్నాడు మధ్యాహ్నానికి అదే వేడి మీద 3 వచ్చింది. బల్బులు తీసి చల్లారనిచ్చాక 30 డిగ్రీల వద్ద 50కి దగ్గరగా చూపింది. వేడి స్థిరంగా ఉండగా మూడు నాలుగు గంటల పాటు రీడింగు ఇక పెరగకుండా నిలిస్తే ఆరిపోయినట్టు.

వార్నిష్ పూయించాలంటే ఆ తరువాతే. చెమ్మ ఉండగా వార్నిష్ పోస్తే తడిని లోపల పెట్టి సీలు వేసినట్టే. రెండు రోజులు ఆరబెట్టినా 40 డిగ్రీల లెక్కకు 5 దాటకపోతే రీవైండింగుకు ఇవ్వక తప్పదు. అప్పుడు నేమ్‌ప్లేటు మీది ఇన్సులేషన్ క్లాసు చూపించి అదే క్లాసు సరుకు వాడమని అడగండి. 'ఏ' (A) క్లాసుకు 105, 'ఈ' (E) క్లాసుకు 120, బీకి 130, ఎఫ్‌కు 155, హెచ్‌కు 180 డిగ్రీలు హద్దు. తీగ ఎఫ్ క్లాసుదై, స్లీవులూ కట్టు దారమూ 'ఏ' (A) క్లాసువైతే ఆ మోటారు మొత్తం 'ఏ' (A) క్లాసు కిందికే వస్తుంది.

బోరు మోటారు వేరు

పైన చెప్పిన ఆరబెట్టే పద్ధతిని నీరు నింపే సబ్‌మెర్సిబుల్ మోటారుకు ఎంత మాత్రం చేయకండి. దాని వైండింగు తీగ మీద ఉన్నది చాలా మటుకు పీవీసీ తొడుగు, సాధారణ పీవీసీకి హద్దు 70 డిగ్రీలే. అది నీటిలో మునిగి పని చేయడానికే చేసిన ఇన్సులేషన్ కనుక మంచి నీరు నింపి, మోటారును నీటిలో ఉంచే మెగ్గర్ పెట్టాలి. బోరులో దించి ఉన్న దానిని పై నుంచి పరీక్షించి తక్కువ రీడింగు వస్తే, మోటారును అనుమానించే ముందు కేబులు జాయింటును అనుమానించండి. పైకి లాగాక జాయింటుకు ఇవతల కోసి, కేబులును విడిగా, మోటారును విడిగా కొలిస్తే తప్పు ఎక్కడుందో తేలుతుంది.

తిరిగి నడపడం

ఫొటో చూసి పట్టీలు, కేబులు బిగించి, ఎర్త్ తీగను తిరిగి కలిపారని చూసుకొని, పంపుకు ప్రైమింగు నీళ్లు పోసి అప్పుడు ఫ్యూజులు పెట్టండి. మోటారు తిరగగానే టాంగ్ టెస్టరుతో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరుతో) మూడు ఫేజుల కరెంట్లూ చూసి, అవి ఒకదానికొకటి దగ్గరగా, నేమ్‌ప్లేటు అంకెకు లోబడి ఉన్నాయని నిర్ధారించుకోండి. గంట నడిచాక ఆపి, ముందు చెప్పినట్టే కరెంటు తీసి, వేడి మీద ఉన్న వైండింగుకు మరొకసారి మెగ్గర్ పెట్టండి. తేదీ, రీడింగు, ఉష్ణోగ్రత ఒక కాగితం మీద రాసి, పాలిథిన్ సంచిలో పెట్టి స్టార్టరు డబ్బా తలుపు లోపలి వైపు అంటించండి. "వేడి మీద తీసినది" అన్న మాట పక్కన రాయడం మరవకండి, లేకపోతే వచ్చే ఏడు ఆ తక్కువ అంకె చూసి మీరే కంగారు పడతారు.